పక్క సీటు వియ్యపురాలు

టూర్ బస్సుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "మావా, ఇన్నేళ్ళు ఊళ్ళు తిప్పినావు కదా, ఈ పనిలో ముఖ్యం ఏటో ఒక్క మాటలో సెప్పు" అని అడుగుతుంటారు. ఒక్క మాటలో చెప్పడానికి నేనేమన్నా సోదె చెప్పేవాణ్ణా? అయినా ఇంటికొచ్చిన వాళ్ళని ఉత్త టీతో పంపడం ఎందుకని ఈ సంగతి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ మా ఆవిడ వంటింట్లోంచి "మళ్ళీ మొదలెట్టినాడు" అంటుంది. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. ఇక ఎవరైనా అడిగితే ఈ కాగితాలు చేతిలో పెట్టి నేను పడుకోవచ్చు.

నేను నరసన్నపేటలో ఒక ట్రావెల్స్‌లో టూర్ మేనేజరుగా పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. మేనేజరంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు. జనాన్ని నిద్ర లేపడం, ఎక్కించడం, దింపడం, మరుగుదొడ్డి ఎటో చూపించడం, మళ్ళీ ఎక్కించడం. ఇంతే. కాశీ, పూరీ, రామేశ్వరం అన్నీ తిప్పాను గానీ, మాకు కూడుపెట్టింది మాత్రం విశాఖపట్నం ఒక్కరోజు టూరే. సముద్రం, దాని ఒడ్డునే పార్కులు, మ్యూజియంలు, తల పైకెత్తితే కొండ. అన్నీ ఎవరో మా బస్సుల కోసమే దగ్గరదగ్గరగా పేర్చి పెట్టినట్టుంటాయి. తెల్లారి బయల్దేరితే చీకటి పడేసరికి ఇంటికొచ్చి పడొచ్చు.

నాకు జోడీ మా డ్రైవరు. చుట్టరికం ఏమీ లేదు గానీ బావా అని పిలిచేవాణ్ణి. మాది చర్చికెళ్ళే కుటుంబం. బండి కదిలే ముందు నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, ఆయన టైరు కింద నిమ్మకాయ పెట్టుకునేవాడు. "నీ దేవుడు ముందునుంచి సూసుకుంటాడు, మా అమ్మోరు యెనకనుంచి సూసుకుంటాది. ఇంక మనకేటి?" అనేవాడు.

బస్సు కదిలే ముందు తలలు లెక్కపెట్టడం అందరూ చేసే పని. నాకది పడేది కాదు. సగం లెక్కలో ఉండగా ఒకామె లేచి కిటికీ వైపు జరుగుతుంది, మళ్ళీ మొదటికి. అందుకని నేనొక సొంత పద్ధతి పెట్టాను. పొద్దున ఎక్కగానే పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళనీ వియ్యపురాళ్ళని చేసేసేవాణ్ణి. "ఈ రోజంతా నీ వియ్యపురాలికి నువ్వే పూచీ" అని చెప్పేవాణ్ణి. ఆపైన ఎక్కడ ఆగి బయల్దేరినా తలుపు దగ్గర నిలబడి "మీ వియ్యపురాలొచ్చిందా?" అని ఒక్క కేక పెడితే చాలు. "వచ్చినాది, వచ్చినాది" అని లోపలంతా నవ్వులే. వియ్యపురాలి రాకపోకలు కనిపెట్టినంత శ్రద్ధగా మన ఆడవాళ్ళు మరెవరినీ కనిపెట్టరు. ఈ పద్ధతి మీద ఒక్క మనిషిని కూడా నేను పోగొట్టుకోలేదు. మిగతా మేనేజర్లు నా దగ్గర అది నేర్చుకుని వెళ్తే మీసం తిప్పుకునేవాణ్ణి.

ఆ రోజు బస్సు మాట్లాడుకున్నది సముద్రపొడ్డున ఒక పేట ఆడవాళ్ళు. మగాళ్ళు వేటకెళ్తే వీళ్ళు చేపల గంపలు నెత్తినెట్టుకుని బజారుల్లో అమ్ముతారు. వాళ్ళ పేటలో ఏటా గంగమ్మ పండగ చేస్తారు. ఆ పండక్కి ఆడవాళ్ళందరూ ఒకే రకం చీర కట్టాలని కట్టుబాటు. ఆ యేడు ముదురు పసుపు చీర, ఎర్ర అంచు. పండగ కాగానే అవే చీరలతో విశాఖపట్నం చూసి రావాలని బయల్దేరారు. బస్సెక్కాక ఎవరు ఎవరో నాకు ఒక పట్టాన తెలిసేది కాదు. బంతిపూల తట్ట బోర్లించినట్టు బస్సంతా పసుపే.

వాళ్ళ పెద్దని అందరూ అప్పా అనేవారు. మా వైపు అప్పంటే అక్క. నాకంటే కొంచెం పెద్దదే కాబట్టి నేనూ అలాగే పిలిచాను. ఆమె నోరు విప్పితే నా గొంతు ఈల కిందే లెక్క. ఆమె పక్క సీటులో పడ్డది ఒక సన్నపాటి మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఆవిడకి. బస్సులో కుదరదన్నానని, ఆరిన చుట్ట నోట్లో పెట్టుకుని రోజంతా నన్ను పాపిష్టివాణ్ణి చూసినట్టు చూసింది. ఒక్క మాటా మాట్లాడలేదు.

బయల్దేరేటప్పుడే అప్పతో నాకు గొడవైంది. ఆమె చెల్లెలి కూతురొకతె చివర్లో పరిగెత్తుకొచ్చింది. "నా పక్కనే ఇరుక్కుని కూకుంటాది, రానీ" అంది అప్ప. నేను ఒప్పుకోలేదు.

"సీటుకో మనిషి అప్పా. ఒక్కరు ఎక్కువైనా దారిలో ఆపేస్తారు. మా ఓనరు నా తోలు తీస్తాడు."

"అంటే సీటు నిండితే సాలు నీకు. అంతేనా?"

"అంతే."

"సరే. గుర్తెట్టుకుంటాన్లే" అంది. ఆ పిల్ల ఏడుపు మొహంతో వెనక్కి పోయింది. అప్ప అన్న మాటని నేను అక్కడే మర్చిపోయాను.

విశాఖపట్నంలో ఒడ్డు మీదికి ఎక్కించి మ్యూజియం చేసిన జలాంతర్గామి మా మొదటి మజిలీ. ఎన్నో గుంపుల్ని తీసుకెళ్ళాను. అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు, లోపలికెళ్ళి తల కొట్టుకుంటారు, బయటికొస్తారు. వీళ్ళు అలా కాదు. దిగీ దిగగానే అప్ప సంచిలోంచి కొబ్బరికాయ, కర్పూరం తీసింది. కాపలా మనిషి అడ్డుపడ్డాడు.

"అమ్మా, ఇది గుడి కాదమ్మా!"

"గుడని ఎవులన్నారు? నీటి కిందకెల్లి తిరిగొచ్చిన పడవా, కాదా?"

"వచ్చిందే."

"తిరిగొచ్చిన పడవకి దండం ఎట్టకుండా ఎలగెక్కుతాం బాబూ? మా పడవలు నీటి మీదకెల్తేనే తిరిగొచ్చీదాకా మా పేనాలు పేనాల్లో ఉండవు."

కాపలా మనిషి నా మొహం చూశాడు. నేను వేరే గుంపు మనిషిలా సముద్రం వైపు చూశాను. చివరికి కాయ ఇసకలో కొట్టి, దండం పెట్టుకుని అందరూ ఎక్కారు. అంతటి మనిషి అప్ప. ఆ మధ్యాహ్నం పార్కులో గడ్డి మీద కూర్చుని అన్నాలు తిన్నాం. తర్వాత బస్సు కైలాసగిరి ఎక్కింది.

కొండ మీద శివపార్వతుల పెద్ద బొమ్మలు, చిన్న రైలు, రంగుల పూలు. కానీ వీళ్ళు వాటినేవీ చూడలేదు. అంత ఎత్తునుంచి సముద్రం ఒంపు తిరిగి కనిపించేసరికి, అందరూ ఒక్కసారిగా కుడి చెయ్యి గుండెకి ఆనించి, నుదుటికి ఆనించారు. గంగమ్మకి వాళ్ళు పెట్టే దండం అది. నేను దాన్ని చూసి, టీ తాగొస్తానని బావతో పక్కకెళ్ళాను. చెప్పాలంటే ఆ రోజు జరిగిందంతా నేను టీ తాగుతుండగానే జరిగిపోయింది.

తిరుగు ప్రయాణానికి ఎండ ఇంకా ఉండగానే బయల్దేరదీశాను. పొద్దున్నే చేపల పనికి లేవాల్సినవాళ్ళు కదా. తలుపు దగ్గర నిలబడి అలవాటు కేక పెట్టాను. "వచ్చినాది, వచ్చినాది" అని బదులొచ్చింది. రోజంతా నోరు మెదపని చుట్టావిడ కూడా "మా ఇయ్యపురాలు వచ్చీసినాది, బేగి పోనీ" అంది. నాకు మహా సంతోషమైంది. చూశావా, ఆఖరికి ఈమె కూడా మాటల్లో పడింది అనుకున్నాను.

కొండ దిగాక బావ అద్దంలోంచి వెనక్కి చూశాడు. "ఇదేటి, అప్ప గొంతు ఇనపడ్నేదు?"

"నిద్దరోతోంది బావా. అదిగో, కొంగు మొహం మీద కప్పుకుని."

"సముద్రం నిద్దరోతాదేటి?" అన్నాడు బావ. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

తగరపువలస దాటాక టీ బడ్డీ దగ్గర ఆపాం. గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోను మోగింది. ఎవరో మగ గొంతు, వెనకాల గోలగోలగా అరుపులు.

"మీ బస్సులో ఒక ఆడమనిషి తప్పిపోయిందా?"

"లేదండీ. మావాళ్ళంతా ఉన్నారు."

"సరిగ్గా చూసి చెప్పండి. ఇక్కడ కొండ మీద పసిపిల్లని ఎత్తుకుపోతూ ఒకామె దొరికింది. జనం కొట్టబోతుంటే గదిలో పెట్టాం. ఎవరి మనిషివంటే చెప్పడం లేదు. రొంటిని మీ ట్రావెల్స్ కార్డు దొరికింది."

"మా మనిషి కాదండీ. నా పద్ధతిలో తప్పడానికి వీల్లేదు. ఇప్పుడే అడిగాను" అన్నాను. ఆ మాట గర్వంగానే అన్నాను. అని, ఎందుకైనా మంచిదని బస్సెక్కాను. అప్ప సీటులో పసుపు చీర, ఎర్ర అంచు, మొహం మీద కొంగు. "అప్పా, ఒకసారి లేమ్మా" అని కొంగు తప్పించాను.

నేనెన్నడూ చూడని మొహం అది.

పాతికేళ్ళు ఉంటాయేమో. కళ్ళు ఇంతింత చేసుకుని, రెండు చేతులూ జోడించి, సీటు మూలకి ముడుచుకుపోయింది.  ఇన్నేళ్ళ సర్వీసులో మనిషి తప్పిపోతే ఏం చెయ్యాలో ఆలోచించి పెట్టుకున్నాను గానీ, మనిషి మారిపోతే ఏం చెయ్యాలో ఎవరు ఆలోచిస్తారు? చుట్టావిడ వైపు చూశాను.

"నా ఇయ్యపురాలు వచ్చినాదా అని అడిగినావు. వచ్చినాదన్నాను" అందావిడ. "ఏ ఇయ్యపురాలని నువ్వడగనేదు."

అప్పుడు బస్సంతా ఒక్కసారి మాట్లాడింది. అందరికీ తెలుసు. తెలియనిది నాకూ, బావకే.

ఆ అమ్మాయిది ఒరిస్సా వైపు సముద్రపొడ్డున ఒక పల్లె. మొగుడు వేటలో పోయాడు. పాలు మరిచిన కూతుర్ని తల్లి దగ్గర పెట్టి, విశాఖపట్నంలో ఒక ఫ్లాటులో పనికి చేరింది. పండక్కి పంపిస్తామన్నారు. పండగలు వచ్చాయి, పోయాయి. ఫోను దాచేశారు, ఆధార్ కార్డు దాచేశారు. బయటికెళ్తే తలుపుకి తాళం వేసి వెళ్ళేవారు. కూతుర్ని చూసి రెండేళ్ళు దాటింది. ఆ రోజు ఆ కుటుంబం కొండకొస్తూ, పసిపిల్లని ఎత్తుకోడానికి ఈమెని తెచ్చారు. పిల్లని ఈమెకిచ్చి, ఆలుమగలిద్దరూ పెద్దపిల్లాడితో చిన్న రైలెక్కారు. ఈమె గట్టున నిలబడి సముద్రం చూసి, గుండెకీ నుదుటికీ చెయ్యి ఆనించింది. పక్కనే అప్ప కూడా అదే దండం పెడుతోంది. ఆ దండం చూసి అప్పే, "ఏ పేట తల్లీ మీది?" అని అడిగింది. అంతే, ఈమె భోరుమంది.

"పారిపోయి రాయే అన్నాది అప్ప" చెప్పిందొకామె. "ఈ గుంటేమో పసిబిడ్డని ఒగ్గీసి ఎలగ రాను అన్నాది. అయితే బిడ్డని నాను పట్టుకుని, తల్లొచ్చాక సేతికిచ్చీసి ఎలాగో ఇంటికొచ్చీస్తాను, నువ్వు నా సీరకట్టి నా సీటులో కూకో, ఆ మేనేజరుకి సీటు నిండితే సాలు అన్నాది. ఆడోళ్ళ గదిలో సీరలు మార్సుకున్నారు."

బస్సు మెట్టు మీద కూలబడ్డాను. పొద్దున నేనన్న మాట కొండెక్కి, చీర మార్చుకుని, నా దగ్గరికే తిరిగొచ్చింది. రైలు దిగి వచ్చిన తల్లిదండ్రులకి తమ పిల్ల ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఒళ్ళో కనిపించి ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లలో పుకార్లు ఊరూరా షికారు చేస్తున్న రోజులు. అప్ప మీద ఒక్కడు చెయ్యి వేస్తే చాలు, వందమంది వేస్తారు.

వెనక్కి వెళ్తే ఈ అమ్మాయి మళ్ళీ ఆ తాళం వెనక్కి పోతుందేమో. వెళ్ళకపోతే అప్ప ఏమవుతుందో. నేను తల పట్టుకున్నాను. ఆ అమ్మాయే లేచింది. "బాబూ, నన్నిక్కడే దింపీయండి. నానెల్లి ఒప్పీసుకుంటాను. నా కోసరం ఆయమ్మ దెబ్బలు తినకూడదు" అంది.

"నువ్వొక్కదానివీ ఎల్లీదేటే, అందరం ఎల్దుం" అన్నారు వెనక సీట్లవాళ్ళు.

బావ అప్పటికే స్టీరింగు ముందున్నాడు. నా మాట కోసం కూడా ఆగలేదు. ఆయన అంత పెద్ద బస్సుని అంత చిన్న చోట తిప్పడం నేను ఆ ముందు చూళ్ళేదు, ఆ తర్వాతా చూళ్ళేదు.

కొండ మీద సెక్యూరిటీ గది చుట్టూ జనం. లోపల కుర్చీలో అప్ప కూర్చుని ఉంది. వెలిసిపోయిన గోధుమరంగు చీర, పెదవి చిట్లి నెత్తురు, జుట్టు విడిపోయి ఉంది. నన్ను చూసి, "ఎందుకొచ్చినావు? బేగి ఎలిపోరాదా?" అని కసిరింది.

"నిన్ను కొట్టారా అప్పా?"

"ఒకడు కొట్టినాడు. నానూ కొట్టినాను. సరికి సరి" అంది. కొంగుతో పెదవి మీది నెత్తురు తుడుచుకుంది. పిల్లని అక్కడే దింపేసి జనంలో కలిసిపోతే ఆమెని ఎవరు పట్టుకునేవారు? "పిల్లని కొండ మీద ఒగ్గీసి పోతే ఏ గంగమ్మ ఒప్పుకుంటాది?" అంది, నేను అడక్కుండానే.

ఒక ఎస్సై వచ్చాడు. చిన్న వయసు, నెమ్మదస్తుడు. నేను ఉన్నదంతా చెప్పేశాను. పిల్ల తల్లి ఒక మూల నిలబడి వెక్కుతోంది. ఆవిడ రాక్షసి కాదు. ఆ రోజు ఆవిడ పడ్డ భయం ఏ తల్లీ పడకూడదు. భుజం మీద పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, ఎంతకీ ఊరుకోవడం లేదు.

ఎస్సై బయటికొచ్చాడు. మా ఆడవాళ్ళంతా బస్సు దిగి వరసగా నిలబడ్డారు, అందరూ అవే పసుపు చీరల్లో. ఆ అమ్మాయి వాళ్ళ మధ్యలోనే ఉంది.

"అమ్మా, మీ ఇంట్లో పనిచేసే మనిషి వీళ్ళలో ఎవరో చూపించండి" అన్నాడు ఆ తల్లితో.

ఆవిడ కళ్ళు తుడుచుకుని వరస వెంట నడిచింది. ఒకామె ముందు ఆగింది. కాదంది. ఇంకొకామె ముందు ఆగి, తటపటాయించి, ముందుకెళ్ళింది. ఆ అమ్మాయి ఎదుటికి వచ్చి ఆగింది. ఒక్క క్షణం చూసింది. దాటి వెళ్ళిపోయింది.

నేను చూస్తున్నది నిజమేనా అని నాకు అనుమానమొచ్చింది. రెండేళ్ళు ఆ ఇంట్లో వండి పెట్టిన మనిషి. రెండేళ్ళు ఆవిడ బిడ్డకి నీళ్ళు పోసిన మనిషి. చీర మారితే ఆవిడ గుర్తుపట్టలేకపోయింది. కావాలని కాదు, నిజంగానే. వరస చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, "వీళ్ళందరూ ఒకేలా ఉన్నారు సార్" అంది.

"ఫోటో ఉందా?" అని ఎస్సై భర్తని అడిగాడు. అతను ఫోను తీసి వేలితో జరుపుతూ పోయాడు. నేను భుజం మీంచి చూశాను. పిల్ల ఫోటోలు ఎన్నని! పిల్ల నవ్వుతూ, పిల్ల స్నానం చేస్తూ, పిల్ల అన్నం తింటూ. ఒక దాంట్లో ఒక మోచెయ్యి ఉంది. ఒక దాంట్లో భుజం. ఒక దాంట్లో చెంచా పట్టుకున్న వేళ్ళు. మొహం మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఫోను జరుపుతున్న అతని వేలు కూడా కాసేపటికి ఆగిపోయింది.

"పోనీ పేరు చెప్పండి, పిలుస్తాను" అన్నాడు ఎస్సై.

ఆవిడ ఒక పేరు చెప్పింది. ఎస్సై గట్టిగా పిలిచాడు. వరసలో ఎవరూ కదల్లేదు. అప్పుడావిడ గొంతు తగ్గించి, "అది ముందు పనిచేసినామె పేరు సార్. మా పెద్దబాబుకి ఆ పేరు అలవాటైపోయిందని ఈమెని కూడా అలాగే పిలిచాం" అంది.

"అసలు పేరు?"

ఆవిడ భర్త వైపు చూసింది. భర్త నేల చూశాడు. ఆధార్ కార్డు దాచారు కదా, దాని మీద పేరైనా చదవలేదా?  కొట్టడానికొచ్చిన వాళ్ళు కూడా ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

ఇంతలో తల్లి భుజం మీద ఏడుస్తున్న పిల్ల తల తిప్పింది. తిప్పి, ఏడుపు ఠక్కున ఆపి, పసుపు చీరల వరసలో ఒక్క మనిషి వైపు రెండు చేతులూ చాచి ముందుకు ఉరికింది. తల్లి పట్టుకోకపోతే కింద పడేదే.

ఆ అమ్మాయి తల దించుకుని నిలబడి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ రాత్రికి మాతో ఇంటికొచ్చేసేది. కానీ ఆ చేతులు చూసి ఉండలేకపోయింది. నాలుగడుగులు వేసి పిల్లని అందుకుని భుజాన వేసుకుంది. పిల్ల ఆమె మెడలో మొహం దాచుకుని ఊరుకుంది.

"నువ్వేనా?" అన్నాడు ఎస్సై.

"నానే బాబూ."

"వీళ్ళతో వెళ్తావా? మీ ఊరెళ్తావా? భయపడకుండా చెప్పు. నీ ఇష్టమే."

"మా ఊరెల్తాను."

పేరు అడిగితే చెప్పింది. ఈ కాగితాల్లో ఎవరి పేరూ రాయకూడదనుకున్నాను కాబట్టి రాయడం లేదు. చాలా మామూలు పేరు. మన ఊళ్ళలో వీధికొకరుంటారు. ఆమె పైకి చెప్పుకుని ఎన్నాళ్ళయిందో, రెండుసార్లు గొంతు సవరించుకుంది. ఆ తల్లి ఆ పేరుని తనలో తాను ఒకసారి పలికి చూసుకుంది. కార్డు, ఫోను తెచ్చిమ్మని ఎస్సై భర్తని కారులో పంపాడు. అవి వచ్చేదాకా పిల్ల ఆ భుజం మీదే నిద్రపోయింది. వెళ్ళేముందు ఆమే పిల్లని తల్లి ఒళ్ళో పెట్టి, "అమ్మా, పడుకునేటప్పుడు పాప సెవి రాస్తుండాలి. నేకపోతే ఉలిక్కిపడి లేస్తాది" అంది. తల్లి తలూపింది. 

బస్సు దగ్గరికొచ్చేసరికి అప్ప తలుపుకడ్డంగా నిలబడింది. "మేనేజరు బాబూ, సీటుకో మనిషన్నావు. ఇప్పుడొకరు ఎక్కువైనారు. ఏటి సేద్దుం?"

ముందు తలుపు పక్కన ఉండే నా సీటు చూపించి, నేనెళ్ళి బావ సీటు వెనకాల వంటపాత్రల మధ్య బియ్యం గోనె మీద కూర్చున్నాను. కొండ దిగుతుంటే, "సొంత ఇంటి మనిషి మొహం తెలీకపోవడమేటి బావా!" అన్నాను. 

"అప్ప సీటులో ఇంకోలు కూకుంటే నీకు మాత్రం తెలిసినాదేటి?" అన్నాడు బావ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆ తర్వాత శ్రీకాకుళం దాకా వెనక్కి తిరిగి ఒక్కొక్క మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి ఆమెని అప్ప తన ఇంట్లోనే పడుకోబెట్టుకుంది. తెల్లారి నేను ఆర్టీసీ బస్సెక్కిద్దామంటే వినలేదు. "దొంగలాగ మీ బస్సెక్కినాది. దొరసానిలాగ మీ బస్సే దిగాలి" అంది. ఓనరుకి ఏదో చెప్పుకోవచ్చులే అని బావ బండి తీశాడు. అప్ప, చుట్టావిడ, ఇంకో నలుగురైదుగురు చేపల పని మానుకుని వచ్చారు. దారి పొడుగునా ఆ అమ్మాయి కిటికీ ఊచ పట్టుకుని ఒక్కటే చెప్పింది, కూతురు ఎలా ఉంటుందో, ఎలా పరిగెత్తుకొస్తుందో. మేమంతా ఆ పరుగు చూడ్డానికి సిద్ధమైపోయాం. నేనైతే జేబురుమాలు కూడా తీసి పెట్టుకున్నాను.

పల్లె చివర ఇసకలో బస్సు ఆగింది. పడవ నీడలో ఒక ముసలామె వల చిక్కు తీస్తోంది. పక్కన నాలుగేళ్ళ పిల్ల గవ్వలతో ఆడుకుంటోంది. ఆ అమ్మాయి దిగి, "అమ్మా" అంది. ముసలామె వల వదిలేసి కేక పెట్టింది. పిల్ల మాత్రం లేచి, అమ్మమ్మ వెనక దాక్కుంది.

"ఎవులే ఆయమ్మ?" అంది, అమ్మమ్మ కొంగు పట్టుకుని.

నేను తీసి పెట్టుకున్న జేబురుమాలు చేతిలోనే నలిగిపోయింది. నిన్న కొండ మీద పరాయి బిడ్డ ఈమెని అంతమందిలో ఏరి పట్టుకుంది కదా, సొంత బిడ్డకి ఏమైంది? ఏమవుతుంది! రెండేళ్ళు ఆ పసిదానికి ఎంతో, ఈ పసిదానికీ అంతే. లెక్క సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉండటమే భరించలేకపోయాను.

బావ ఇంజను ఆపేశాడు. "ఇప్పుడే బండి తియ్యకు" అంది అప్ప, ఎవరూ తియ్యమనకపోయినా.

ఆ అమ్మాయి ఏడవలేదు. దగ్గరికీ వెళ్ళలేదు. ఉన్న చోటే ఇసకలో కూర్చుని, దొరికిన గవ్వొకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూపించింది. పిల్ల చాలాసేపు చూసింది. అమ్మమ్మ కొంగు వదిలింది. ఆగింది. ఇంకొంచెం దగ్గరికొచ్చి గవ్వ తీసుకుని, ఆ మొహం వైపు తల వంచి చూస్తూ అడిగింది.

"నీ పేరేటి?"

ఆ అమ్మాయి తన పేరు చెప్పింది.

"మాయమ్మ పేరూ అదే" అంది పిల్ల.